టేపు చెప్పని సంగతి

అజ్మాన్,
10 సెప్టెంబరు 2023

రజియా చిన్నమ్మకు మాహిరా సలాములు.

నీ షరతు ప్రకారమే తెలుగులో, పెన్నుతో, కాగితం మీద రాస్తున్నా. రాసి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే అది ఉత్తరం ఎట్లా అవుతుందని అమ్మ ఎగతాళి చేస్తోంది. కరోనా ఏడాది ఆత్మకూరులో ఇరుక్కుపోయినప్పుడు నీ కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టి గుణింతాలు దిద్దించావు కాబట్టి ఇది ఉత్తరం అయి తీరాలి. పైగా ఈ ఇంట్లో ఫోన్లో మాట్లాడితే ఒక్క మాట దాగదు. ఉన్నది ఒకటే గది, మధ్యలో కర్టెను, అవతల నాన్న. నాన్న గురక పెడుతున్నా చెవులు మాత్రం మేలుకునే ఉంటాయి.

అసలు సంగతికి వస్తా. మా యూనివర్సిటీలో ఇండియన్ డాన్స్ సొసైటీ ఉందని చెప్పాను కదా. కూచిపూడి, భరతనాట్యం, సినిమా డాన్సులు అన్నీ ఉంటాయి. నాకు అడుగూ రాదు, తాళమూ రాదు. నేనుండేది వెనక గదిలో, డ్రెస్సుల బీరువా దగ్గర. నువ్వు నేర్పిన పని పుణ్యమా అని జాకెట్లు సరిచెయ్యడం, కుచ్చెళ్ళు ఊడిపోతే మళ్ళీ కుట్టడం నా వంతు. ఈ ఏడాది ఆ సొసైటీకి వెల్ఫేర్ ఆఫీసరుగా నిలబడ్డాను. సభ్యుల్లో ఎవరికి దెబ్బ తగిలినా, ఎవరు ఎవర్ని ఏడిపించినా, చదువూ ప్రాక్టీసూ రెండూ మొయ్యలేక ఎవరైనా డీలా పడినా, వాళ్ళ గోడు వినాల్సింది ఈ ఆఫీసరే. ఓట్లు నవంబరులో.

నాకు పోటీ కల్పన. వైజాగు వాళ్ళమ్మాయి, దుబాయ్‌లోనే పెరిగింది. బాగా ఆడుతుంది, అందరితో బాగుంటుంది. పోటీకి మంచివాళ్ళు వస్తే తిట్టుకోవడానికి కూడా వీలుండదు.

నాన్న అల్ ఖూజ్‌లో పికప్ మీద సరుకు దింపిన చోటల్లా "మా అమ్మాయి వెల్ఫేర్ ఆఫీసరు అవుతోంది" అని చెప్పేశాడు. మొన్న ఆదివారం బడే సాహెబ్ మామ ఇంటికొచ్చి, "మా కంపెనీ బస్సులో ఏసీ పనిచెయ్యడంలా, మా ముదీర్‌కి, అదే మేనేజరుకి, ఒక మాట చెప్పు పాపా" అన్నాడు. నేను డాన్సు పిల్లలకు మాత్రమే మామా అంటే, "వాళ్ళకు ఏసీ ఉంది గదా, ఇంక కష్టమేముంది" అని టీ తాగి వెళ్ళిపోయాడు.

నీ,
మాహిరా

*

ఆత్మకూరు,
18 సెప్టెంబరు

మాహీకి చిన్నమ్మ దీవెనలు.

అక్షరాలు కుదురుగానే ఉన్నాయి, వాక్యాలే పొడుగయినాయి. ఆడలేక మద్దెల ఓడు అన్న వాళ్ళను చూశాను గానీ, ఆడటం రాకపోయినా ఆడేవాళ్ళ బాగోగులు చూస్తానని బయల్దేరిన దాన్ని నిన్నే చూస్తున్నా. సంతోషం.

దసరా ఆర్డర్లు మీద పడ్డాయి. బళ్ళలో కోలాటం, భరతనాట్యం అన్నీ ఒకే వారం పెట్టుకున్నారు. ఒక్కో తల్లి వచ్చి "పిల్ల పెరుగుతుంది, కాస్త వదులుగా కుట్టు" అంటుంది. పిల్లేమో "టైటుగా కుట్టాంటీ" అని నా చెవిలో చెబుతుంది. ఇద్దరికీ సరేనని తలూపి నాకు తోచినట్టు కుడుతున్నా.

ఒక్కటి అడుగుతా. ఆ పదవి పనేమిటో రాశావు, కల్పన ఎంత మంచిదో రాశావు, బడే సాహెబ్ టీ తాగింది కూడా రాశావు. నువ్వెందుకు నిలబడ్డావో రాయలేదు. ఊరికే ఒకదానికి పూనుకునే పిల్లవి కాదు నువ్వు. ఎవరినో చూసి నిలబడ్డావు. ఎవరిని?

నీ చిన్నమ్మ

*

అజ్మాన్,
8 అక్టోబరు

చిన్నమ్మకు సలాములు.

నువ్వు పట్టేశావు. నీ దగ్గర ఏదైనా దాచడం అయ్యే పని కాదు.

ఇక్కడ డాన్సు చేసేవాళ్ళు నొప్పి చెప్పరు. మడమ వాచినా గుడ్డ చుట్టి పైన గజ్జెలు కట్టేస్తారు. చెబితే వెనక వరసకు పంపుతారని భయం. డ్రెస్సులు మార్చుకునే గదిలో ఉంటాను కాబట్టి నాకన్నీ కనపడతాయి. అందులో ఒక అమ్మాయి ఉంది, పేరు ప్రేమ. జగిత్యాల వైపు వాళ్ళు. నాన్న హన్మంతు అంకుల్ అల్ ఖూజ్‌లో గ్యారేజీ మెకానిక్. ఇల్లు మా పక్క వీధిలోనే. నెలకింతని మాట్లాడుకున్న కార్ లిఫ్ట్‌లో ఇద్దరం కలిసే వెళ్ళొస్తాం. వేసవి సెలవుల ముందు ప్రేమ జాకెట్టు పక్క కుట్లు లోపలికి వేశాను. సెలవులయ్యాక మళ్ళీ వేశాను. మొన్న మళ్ళీ. ఏమైందే అంటే "డాన్స్ చేస్తె చిక్కరా మరి" అని నవ్వుతుంది. సన్నగా కనపడాలని తిండి మానేస్తోందని నాకు తెలిసిపోయింది. ఆ పిల్లను చూసే నిలబడ్డాను.

నిన్న పోటీ చేసేవాళ్ళందరం సొసైటీ ముందు మాట్లాడాం. కల్పన ముందు చెప్పింది, బాగా చెప్పింది. నా వంతు వచ్చేసరికి రాసుకున్నవన్నీ మర్చిపోయి మనసులో ఉన్నది చెప్పేశాను. "మన ముందు వరసలో ఆడే ఒక అమ్మాయి జాకెట్టు నేనీ ఏడాది మళ్ళీ మళ్ళీ బిగించాను. ఆమె ఆటకు అందరం చప్పట్లు కొట్టాం గానీ, అన్నం తిన్నావా అని ఒక్కరమూ అడగలేదు" అన్నాను. తర్వాత ఎన్ని చప్పట్లో. సీనియర్లు వచ్చి చెయ్యి కలిపారు. పేరు చెప్పలేదులే, అంత తెలివితక్కువ దాన్నా.

గెలుస్తాననిపిస్తోంది చిన్నమ్మా. నాన్నకు చెబితే ఇప్పుడే స్వీట్లు పంచేస్తాడని చెప్పలేదు.

నీ,
మాహిరా

*

ఆత్మకూరు,
9 అక్టోబరు

మాహిరా,

పేరు చెప్పలేదన్నావు. మీ ముందు వరసలో ఆడేవాళ్ళలో ఈ ఏడాది చిక్కిన పిల్ల ఎవరో కళ్ళున్న ఎవరికైనా తెలియదా? నువ్వు మాట్లాడుతుంటే ఆ పిల్ల హాల్లో ఉందా? అదొక్కటీ రాయలేదు నువ్వు.

నీ చేతికి టేపు ఇచ్చిన రోజు ఏం చెప్పాను? ఒకరి కొలత ఇంకొకరికి చెప్పకూడదని. చెల్లెలి కొలత అక్కకు కూడా చెప్పకూడదు. ఈ వీధిలో ఎవరికి నెల తప్పిందో, ఎవరికి నిలవకుండా పోయిందో వాళ్ళ అత్తల కంటే ముందు నాకు తెలుస్తుంది. తెలిసింది నా నోట రాదనే కదా నా గుమ్మం ఎక్కుతున్నారు. నువ్వు దాన్ని మైకులో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నావు.

ఇంకొకటి. కొలత తగ్గిందని టేపు చెబుతుంది. ఎందుకు తగ్గిందో చెప్పదు. తిండి మానేసిందని నీకెవరు చెప్పారు?

కోపం తగ్గాక రాద్దామని పొద్దున్నుంచి చూశాను. తగ్గలేదు.

రజియా

*

అజ్మాన్,
16 అక్టోబరు

చిన్నమ్మా,

ప్రేమ హాల్లోనే ఉంది. గోడ పక్క కుర్చీలో కూర్చుంది. మాట్లాడేటప్పుడు నేనటు చూడలేదు. చప్పట్లు మోగుతున్నప్పుడు కూడా చూడలేదు.

సోమవారం పొద్దున కారు ఎక్కితే ఆమె సీటు ఖాళీ. కారు నడిపే హయాత్ బాషా అన్నను అడిగితే, "ఆ పాప ఇంక రానని ఫోన్ చేసింది, వేరేవాళ్ళను చూసుకోమంది" అన్నాడు. ప్రాక్టీసుకు రాలేదు. క్లాసులకు రాలేదు. నా నంబరు బ్లాక్ చేసింది. తర్వాత తెలిసింది, నేను మాట్లాడిన సాయంత్రమే మా వాళ్ళు మంచి మనసుతో ఆమె ఫోన్‌కు సలహాలు పంపారట, ఏం తినాలో, ఎంత తినాలో. ఒకమ్మాయి ఆమె పేరు రాసి డ్రెస్సుల గదిలో అన్నం డబ్బా పెట్టి వెళ్ళింది. ఆ డబ్బా చూసినప్పుడు నేను చేసింది ఏమిటో నాకు అర్థమైంది. నీ ఉత్తరం అంతకు ముందే వచ్చింది గానీ, నిజం చెప్పొద్దూ, అప్పుడు నీ మీదే కోపం వచ్చింది.

డిసెంబరులో పెద్ద ప్రదర్శన ఉంది. ప్రేమ లేకపోతే ముందు వరసే లేదు. దానికంటే ఎక్కువ, ఆమె చదువు కూడా మానేస్తుందేమోనని భయంగా ఉంది. అన్నం సహించడం లేదు, ఎవరితోనూ మాట్లాడాలని లేదు. నా పేరు వెనక్కి తీసుకుంటానని కల్పనకు చెప్పాను. ఆమె "ఒక వారం ఆగి ఆలోచించు" అంది. పోటీ మనిషి కూడా నా మీద జాలిపడుతోంది.

మాహిరా

*

ఆత్మకూరు,
17 అక్టోబరు

మాహీ,

పేరు వెనక్కి తీసుకుంటే నీ సిగ్గు తగ్గుతుంది. ఆ పిల్లకేం తగ్గుతుంది?

పక్క వీధే అన్నావు. ఫోన్లూ మెసేజీలూ పక్కన పెట్టి చెప్పులేసుకుని నడిచి వెళ్ళు. తలుపు తియ్యకపోతే మర్నాడు వెళ్ళు. వట్టి చేతులతో వెళ్ళొద్దు, అట్లాగని తిండి మాత్రం పట్టుకెళ్ళొద్దు. తప్పు నాదని చెప్పు. ఎందుకు చిక్కావని అడగొద్దు. ఆమె తిడితే తిట్టించుకో. నిన్ను క్షమించిందాకా కదలనని భీష్మించుకుని కూర్చోవద్దు, అది కూడా ఒక రకం దౌర్జన్యమే.

నా కోపం ఇంకా పోలేదు. కానీ నువ్వు అన్నం మానేస్తే మాత్రం విమానం ఎక్కి వచ్చి మరీ కొడతాను.

చిన్నమ్మ

*

అజ్మాన్,
23 అక్టోబరు

చిన్నమ్మకు సలాములు.

వెళ్ళాను. రెండు మూరల మల్లెపూలు పట్టుకెళ్ళాను. తలుపు వాళ్ళమ్మ గౌరవ్వ ఆంటీ తీసింది. నన్ను చూసి ఆమె ముఖం విప్పారింది. "రా బిడ్డా. డాన్స్ బంద్ జేస్తనంటది, కాలేజి పోనంటది. ఏమాయెనో అడిగితె నోరిప్పది. నువ్వన్న జెప్పు" అంది. ఆమెకు ఏమీ తెలియదు. అక్కడే సగం చచ్చిపోయాను.

ప్రేమ లోపల్నుంచి వచ్చి నిలబడి, "ఇంకేం జెప్తవే? అందరికి జెప్పినవు గద" అంది. నువ్వు చెప్పినట్టే చేశాను. నీ జాకెట్టు సంగతి నేను చెప్పకూడదు, చెప్పాను, తప్పు నాదే అన్నాను. ఏ జాకెట్టని ఆంటీ అడిగింది. నేను నోరు మూసుకున్నాను. ప్రేమే చెప్పింది, నా వైపు చూడకుండా, ఒక్కో మాటా విసిరేస్తున్నట్టు. ఆంటీ చేతిలో గిన్నె కింద పెట్టేసింది. "తిండి మానుడేంది? ఇది నాకంటె, వాళ్ళ నాయిన కంటె ఎక్కువ తింటది. మల్లమల్ల పెట్టిచ్చుకుంటది. ఇంట్ల పెద్ద పెద్ద అంగీలేసుకుంటాంటె నాకేం తెలుస్తది" అని దగ్గరికెళ్ళి కూతురి భుజాలు తడిమి చూసింది. తడిమి అక్కడే కూలబడింది.

అప్పుడు ప్రేమ ఏడ్చింది. ఇదీ సంగతి. తింటున్నా చిక్కిపోతోంది. గుండె దడదడ కొట్టుకుంటుంది, చేతులు వణుకుతాయి. డిసెంబరులో వాళ్ళ వీసా రెన్యువల్. పద్దెనిమిది దాటాయి కాబట్టి ఆమెకూ మెడికల్ ఉంటుంది, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. వాళ్ళ నాన్నతో రూములో ఉండిన లచ్చన్న అనే ఆయన ఎప్పుడో టీబీ అని తేలి, మెడికల్ ఫెయిలై విమానం ఎక్కాడట. ఆ కథ వింటూ పెరిగిన పిల్ల. తనదీ టీబీయే అని తనకు తనే తీర్పు చెప్పేసుకుంది. డాక్టరు దగ్గరికి వెళితే పేరు రికార్డుల్లోకి ఎక్కుతుంది, పేరు ఎక్కితే వీసా ఖలాస్, చదువు ఖలాస్, తన వల్ల ఇల్లంతా మూట కట్టుకోవాలని భయం. మెడికల్ దాకా ఎవరి కంటా పడకుండా నెట్టుకొస్తే ఎట్లాగో గట్టెక్కుతాననుకుంది. మనవాళ్ళు ఇక్కడ చేసే పొరపాటే ఇది. మెడికల్ దగ్గరపడితే దగ్గు కూడా దుప్పట్లో దగ్గుతారు. అట్లా దాక్కున్న పిల్లను నేను అందరి కళ్ళల్లో పెట్టాను.

గౌరవ్వ ఆంటీ కళ్ళు తుడుచుకుని, "వీసా పోతె పోనియ్. పిల్ల ఉండాలె నాకు" అంది. హన్మంతు అంకుల్‌కు అప్పుడే ఫోన్ చేసి చెప్పింది. ఈ వారమే క్లినిక్‌కు వెళుతున్నారు. నేనూ రానా అంటే ప్రేమ వద్దంది.

ఇవన్నీ నీకు రాయొచ్చా అని వచ్చేముందు ప్రేమను అడిగాను. "మీ చిన్నమ్మకే గద. దువా జెయ్యమను" అంది. చెయ్యి చిన్నమ్మా. నాకు చాలా భయంగా ఉంది. ఒకవేళ అదే అయితే వాళ్ళు వెళ్ళిపోవాలేమో, ఆ పిల్ల చదువు ఆగిపోతుందేమో.

మాహిరా

*

ఆత్మకూరు,
24 అక్టోబరు

మాహీకి చిన్నమ్మ దీవెనలు.

తెల్లవారుజామున ఫజర్ నమాజులో ఆ పిల్ల కోసం దువా చేశాను. పండగని పక్కింటి వీరమ్మ గుడికి బయల్దేరుతుంటే, "ఒక పిల్లకు మంచి జరగాలి, ఒక కొబ్బరికాయ నా పేరున కొట్టు" అన్నాను. ఎవరు, ఏమిటి అని అడిగింది. చెప్పలేదు. అలిగింది, కానీ కొట్టింది. రెండు వైపులా అర్జీ పెట్టాం, ఎక్కడో ఒకచోట వింటారు.

వెళ్ళినందుకు నా కోపం పోయింది. ఫోను మిషను మీదే పెట్టుకున్నా. మనసు ఇక్కడ లేదు, ఇట్లాంటప్పుడు కత్తెర పడితే ఎవరి చీరో నాశనం చేస్తానని బొత్తాలు కుట్టుకుంటూ కూర్చున్నా. తెలియగానే రాయి. ఈసారి ఒక్క వాక్యం చాలు.

చిన్నమ్మ

*

అజ్మాన్,
2 నవంబరు

చిన్నమ్మా,

టీబీ కాదు.

ముందు ఆ మాట రాసేశాను, ఇక తీరిగ్గా రాస్తా. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. రక్తం పరీక్షలో తేలింది థైరాయిడ్. గొంతు దగ్గరుండే ఆ గ్రంథి మితిమీరి పని చేస్తోందట, అందుకే ఎంత తిన్నా వంటికి పట్టడం లేదు, గుండె అట్లా కొట్టుకుంటోంది. మాత్రలు రాశారు. కొన్నాళ్ళు పడుతుంది గానీ నయమవుతుంది. దీనికీ వీసాకీ సంబంధమే లేదట. డాక్టరమ్మ మలయాళీ, బాగా కోప్పడిందట. ఇంకా ఆలస్యం చేసి ఉంటే గుండెకు చేటయ్యేది, ఎక్స్‌రేకు భయపడి ఇంత దూరం తెచ్చుకుంటారా అని. తిట్లు తింటూ ముగ్గురూ నవ్వుతుంటే ఆమెకు ఇంకా కోపం వచ్చిందట.

ఇదంతా గౌరవ్వ ఆంటీయే మా ఇంటికొచ్చి చెప్పింది. హన్మంతు అంకుల్ క్లినిక్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాడట, ఇంటికొచ్చాక రెండు పళ్ళాల అన్నం తిన్నాడట. ఆంటీ నన్ను పట్టుకుని "నువ్వు రాకపోతె నా బిడ్డ డిసెంబర్ దాక గట్లనే ఉంటుండె" అంది. నాకు మాత్రం ఆ మెప్పు తీసుకోబుద్ధి కాలేదు. నేను చేసిన పని తప్పే, ఫలితం మంచిదయింది, అంతే. కానీ గుండె మీద బరువు దిగిపోయింది చిన్నమ్మా. నిన్న బట్టలారేస్తూ నాకు తెలియకుండానే పాడుతున్నానని అమ్మ చెప్పింది.

ప్రేమ ఇంకా నాతో మాట్లాడటం లేదు.

నీ,
మాహిరా

*

ఆత్మకూరు,
3 నవంబరు

మాహీకి, ఆ ప్రేమకి కూడా, చిన్నమ్మ దీవెనలు.

మొదటి వాక్యం చదివి మిషను ఆపి బయటికొచ్చి వీరమ్మకు చెప్పాను, "జరిగింది" అని. ఏం జరిగిందని మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పలేదు. ఈసారి అలగలేదు, ఇద్దరం కాసేపు అరుగు మీద కూర్చుని వేడివేడి టీ తాగాం. ఇంత హాయిగా కూర్చుని ఎన్నాళ్ళయిందో.

ఆ పిల్ల మాట్లాడకపోతే వదిలెయ్. మాట్లాడాలని ఆమెకేం అప్పు లేదు. నువ్వు మాత్రం పోటీ వదలొద్దు. నిలబడి ఓడిపో, పరవాలేదు. ఇంకోసారి మైకు ఇస్తే కొంచెమే మాట్లాడు.

చిన్నమ్మ

*

అజ్మాన్,
26 నవంబరు

చిన్నమ్మకు సలాములు.

ఓడిపోయాను. కల్పన గెలిచింది. నాన్న రెండు రోజులు దిగులుపడి, మూడో రోజు నుంచి "మా అమ్మాయి పోటీ చేసింది" అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. బడే సాహెబ్ మామ వాళ్ళ బస్సులో ఏసీ బాగయింది, అది నా వల్లనే అని అతని నమ్మకం. కాదని ఎంత చెప్పినా వినడు.

ఓట్ల ముందు మళ్ళీ మాట్లాడమన్నారు. "పోయినసారి నాది కాని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. అది తిండి సంగతి కూడా కాదు, నేను పొరబడ్డాను. దయచేసి దాని గురించి ఎవరూ ఎవర్నీ అడగొద్దు" అని కూర్చున్నాను. ఈసారి చప్పట్లు లేవు. ఓడిపోయినప్పుడు బాధపడతాననుకున్నా గానీ, ఊపిరి తేలిగ్గా ఆడింది. నాకింకా ఆ పని రాదు చిన్నమ్మా. వచ్చినట్టు నటించాల్సిన అవసరం తప్పింది.

ప్రేమ తిరిగొచ్చింది. మాత్రలు వేసుకుంటోంది, ముఖంలో కళ వచ్చింది, డిసెంబరు ప్రదర్శనకు డాక్టరమ్మ సరేనంది. కార్ లిఫ్ట్‌లో ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉండేది. నేను వెనక. అట్లాగే వెళ్ళొచ్చేవాళ్ళం. పోయిన వారం మాత్రం వెనక్కి తిరిగి, "నీకు ఓటెయ్యలే, తెలుసా" అంది. తెలుసన్నాను. "కల్పనకేసిన" అంది. మంచి పని చేశావన్నాను. హయాత్ బాషా అన్న అద్దంలోంచి మా ఇద్దర్నీ చూసి నవ్వాడు.

నిన్న సాయంత్రం కారు దిగాక ఇంటివైపు వెళ్ళకుండా నిలబడిపోయింది. "ఒక మాట జెప్పాలె. ఇంట్ల గూడ జెప్పలే" అంది. నేను ఆమె చేతుల వైపు చూశాను. "పానం సంగతి గాదు, గట్ల జూడకు" అంది. అట్లాంటివి వినడానికి ఇప్పుడు కల్పన ఉంది కదా, ఆమె కదా ఆఫీసరు అన్నాను.

"ఆమె ఆఫీసరే. నేను నీకు జెప్త" అంది.

వీధి మూల కెఫెటేరియా బయట కుర్చీల్లో కూర్చుని కరక్ చాయ్ చెప్పాం. టీ చల్లారేదాకా చెప్పింది. నేను మధ్యలో ఏమీ అడగలేదు. లేచేటప్పుడు ఇద్దరి మనసూ తేలికైంది. వాళ్ళ వీధి మలుపు దాకా కలిసి నడిచాం.

ఏం చెప్పిందని అడగొద్దు చిన్నమ్మా. నీకు కూడా రాయను.

నీ,
మాహిరా